రెండు ప్రమాణాలు

ఇరాన్ గురించి రెండు సినిమాలున్నాయి. ఒకటి హాలీవుడ్‌ది, 1991లో వచ్చింది. పేరు ‘నాట్ వితౌట్ మై డాటర్’. రెండోది ఇరాన్ వాళ్ళు తీసుకున్నది, 2011లో వచ్చింది. ప్రపంచానికి దాని పేరు ‘ఎ సెపరేషన్’. రెండింటి కథా ఒకటే అంటే చాలామంది ఒప్పుకోరు. కానీ ఒకటే. భార్య ఇరాన్ వదిలి వెళ్ళాలనుకుంటుంది. కూతుర్ని వెంట తీసుకుపోవాలనుకుంటుంది. భర్త కుదరదంటాడు. చట్టం భర్త పక్కన నిలబడుతుంది. మధ్యలో కూతురు నలిగిపోతుంది. రెండింటిలోనూ ఖురాన్ మీద ప్రమాణం ప్రసక్తి ఉంది. మొదటి సినిమాలో చదువుకున్న భర్త ఖురాన్ మీద ఒట్టేసి తప్పుతాడు. రెండో సినిమాలో ఒక పేదరాలు ఖురాన్ మీద ఒట్టెయ్యలేక చేతికందబోయే డబ్బు వదులుకుంటుంది.

ఈ రెండు ప్రమాణాల మధ్య ఉన్న దూరం గురించే ఈ వ్యాసం. ఇది ఉత్త సినిమా ముచ్చట కాదు. జీవితంలో ఒక్క ముస్లిం ఇంటి గడప తొక్కనివాడికి కూడా ముస్లిం ఎలా ఉంటాడో ‘తెలుసు’. ఎలా తెలుసు? చూశాడు కాబట్టి. ఎక్కడ చూశాడు? తెర మీద. ఆ తెలిసినతనమే ఇల్లు అద్దెకివ్వనన్నచోట పనిచేస్తుంది. 2007లో హైదరాబాద్ మక్కా మసీదులో బాంబు పేలి నమాజుకొచ్చినవాళ్ళు చచ్చిపోతే, పోలీసులు పట్టుకుపోయి హింసించింది మళ్ళీ ముస్లిం కుర్రాళ్ళనే. కోర్టుల్లో వాళ్ళు నిర్దోషులుగా బయటపడ్డారు. అప్పటికి వాళ్ళ బతుకులు కాస్తా చెదిరిపోయాయి. చచ్చిందీ మనమే, చంపిందీ మనమే అని తేలిగ్గా నమ్మగలిగారంటే, ఆ నమ్మకాన్ని ఎవరో ఎప్పట్నించో తయారుచేసి పెట్టారన్నమాట. అది తయారయ్యే చోట్లలో పెద్దది సినిమా. ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద సినిమా దుకాణం హాలీవుడ్.

మొదటి సినిమా కథకి ఆధారం నిజంగా జరిగిన సంఘటన. బెట్టీ మహమూదీ అనే అమెరికన్ స్త్రీ తన ఇరానీ భర్తతో, చిన్న కూతురు మహతోబ్‌తో 1984లో రెండు వారాల కోసమని టెహరాన్ వెళ్ళింది. భర్త వెనక్కి రానన్నాడు, వాళ్ళనీ పోనివ్వనన్నాడు. 1986లో తల్లీకూతుళ్ళు కొండదారుల్లో టర్కీ చేరి బయటపడ్డారు. ఆమె 1987లో పుస్తకం రాసింది. దాని మీద తీసిన సినిమా 1991 జనవరిలో విడుదలైంది. అదే నెలలో, వారం తిరగకుండానే, అమెరికా ఇరాక్ మీద బాంబులు వెయ్యడం మొదలుపెట్టింది. ఇరాక్ వేరు, ఇరాన్ వేరు, ఆ రెండూ అంతకుముందే ఎనిమిదేళ్ళు ఒకదాన్నొకటి చంపుకున్న దేశాలు అన్న సంగతి ఆ ప్రేక్షకుల్లో ఎందరికి పట్టింది? అక్కడ ఉండేది ‘వాళ్ళు’. అంతే.

బెట్టీ పడ్డ బాధ అబద్ధమని నేననను. భార్యని కొట్టి, ఇంట్లో బంధించి, బిడ్డని అడ్డం పెట్టుకునే మగాళ్ళు లేరని ఏ ముస్లిం చెప్పినా నేను నమ్మను. కూతురు మహతోబ్ పెద్దయ్యాక తనూ ఒక పుస్తకం రాసి తల్లి చెప్పిందే నిజమంది. తండ్రి తన వైపు నుంచి చెప్పుకున్న డాక్యుమెంటరీ ఒకటి 2002లో ఫిన్లాండ్ నుంచి వచ్చింది. కూతుర్ని మళ్ళీ కళ్ళజూడకుండానే 2009లో ఆయన చనిపోయాడు. ఆ ఇంటి తగువులో తీర్పు చెప్పడం మన పని కాదు. మన ప్రశ్న సినిమా గురించి.

సినిమాలో భర్త మూడీ అమెరికాలో ఉన్నంతసేపూ మంచి భర్త, ముద్దుచేసే తండ్రి. ఆస్పత్రిలో తోటివాళ్ళు అతని దేశం మీద, జాతి మీద ఎకసెక్కాలాడతారు. ఉద్యోగం పోతుంది. భార్యకి ఆ సంగతి చెప్పడు. ఇక్కడ ఒక మనిషి మొదలవుతున్నాడు. ఏళ్ళ తరబడి అమెరికాని తన దేశమనుకుని బతికి, నువ్వు మావాడివి కాదని మొహాన అనిపించుకున్న మనిషి. అవమానం మగాణ్ణి ఎక్కడికి తీసుకుపోతుందో, బయటపడ్డ దెబ్బని ఇంట్లో ఆడదాని మీద ఎలా తీర్చుకుంటాడో చెప్పగలిగిన కథ అది. సినిమా ఆ కారణాన్ని చేతిలోకి తీసుకుని, రెండు సీన్లయ్యాక పారేస్తుంది. టెహరాన్‌లో విమానం దిగి, నల్ల చాదర్ల బంధువులు చుట్టుముట్టగానే మూడీ మారడం మొదలుపెడతాడు. ఖురాన్ మీద వేసిన ఒట్టు గాలికి పోతుంది. ఎందుకు మారాడంటే సినిమా దగ్గర మిగిలిన జవాబు ఒక్కటే. ఇరానీ కాబట్టి. ముసల్మాన్ కాబట్టి. అమెరికా పూసిన రంగు వెలిసి అసలు రంగు బయటపడిందని దాని భావం.

ఆ బంధువులు సినిమా అంతా పార్శీలో మాట్లాడుతూనే ఉంటారు. చాలాభాగానికి సబ్‌టైటిళ్ళుండవు. బెట్టీకి భాష రాదు కాబట్టి ఆమె గందరగోళం మనకీ తెలియాలని అలా చేశారని సమర్థించవచ్చు. సరే. కానీ దాని ఫలితమేమిటి? ఒక ఇంటిల్లిపాదీ మాటలు లేని అరుపుగా మిగిలిపోయారు. ఉర్దూ వచ్చిన మనలాంటివాళ్ళకి పార్శీ పూర్తిగా తెలియదు, పూర్తిగా పరాయీ కాదు. ఖుదా, దుఖ్తర్, కసమ్ లాంటి మాటలు మన ఇళ్ళకి అక్కణ్ణించి వచ్చినవే. మన చెవికి అది భాష. ఆ సినిమాకి చప్పుడు.

ఇంకో విషయం. ఆ టెహరాన్ టెహరాన్ కాదు, ఇజ్రాయెల్‌లో వేసిన టెహరాన్. ఆ ఇరానీ భర్త ఇరానీ కాదు, స్పెయిన్ తండ్రికీ ఇటలీ తల్లికీ లండన్‌లో పుట్టిన ఆల్ఫ్రెడ్ మొలీనా. బెట్టీకి సాయపడే మంచి ముస్లిం కూడా ఉన్నాడు. ఆ పాత్ర వేసింది అటెన్‌బరో ‘గాంధీ’లో నెహ్రూగా కనిపించిన మన రోషన్ సేఠ్. ఆ మంచివాడికి భార్యాపిల్లలున్నారా, ఆ రాజ్యంలో అతని బతుకేమిటి, పట్టుబడితే ఏమవుతాడు అన్న చింత సినిమాకి లేదు. తెల్లామెని సరిహద్దు దాటించడమే అతని పని. మన తెలుగు సినిమాల్లో హీరోకి అడ్డంపడి గుండు తగిలించుకుని ‘భాయ్’ అంటూ ప్రాణం విడిచే ముస్లిం స్నేహితుడు గుర్తొస్తున్నాడా? ఇద్దరిదీ ఒకే కొలువు.

నేను చెప్పదలచుకున్నది ఇది. హాలీవుడ్ ఆసియా మనిషికి స్వభావం ఇస్తుంది, కారణం ఇవ్వదు. వాళ్ళ మనిషి తప్పు చేస్తే దాని వెనక ఒక బాల్యం ఉంటుంది, ఒక యుద్ధం ఉంటుంది, చనిపోయిన భార్య ఉంటుంది. మన మనిషి తప్పు చేస్తే దాని వెనక మతం ఉంటుంది. మంచి చేసినా అంతే. కారణం ఉన్నవాడు మారగలడు, వాదించగలడు, పశ్చాత్తాపపడగలడు. స్వభావం ఉన్నవాడు ఏమీ చెయ్యలేడు. వాణ్ణి కనిపెట్టి ఉండాలి, అంతే.

ఇది ఒక్క ముస్లింలకే జరిగిందనుకుంటే పొరపాటు. మొత్తం ఆసియాకి ఇదే మర్యాద. 1937లో చైనా రైతుల మీద ‘ది గుడ్ ఎర్త్’ తీశారు. రైతు భార్యగా జర్మనీలో పుట్టిన లూయీ రైనర్ నటించి ఆస్కార్ తెచ్చుకుంది. లాస్ ఏంజెలస్‌లోనే పుట్టి పెరిగిన చైనా నటి అన్నా మే వాంగ్ ఎదురుగా ఉంది. భర్త పాత్ర తెల్ల నటుడిది కాబట్టి ఆమెని భార్యగా పెట్టలేదు. జాతులు కలిసిన జంటని చూపకూడదని అప్పటి హాలీవుడ్ కట్టుబాటు. సంసారాన్ని చెడగొట్టే ఉంపుడుగత్తె వేషం ఇస్తామన్నారు. ఆమె వద్దంది. 1956లో ‘ది కాంకరర్’లో చెంఘిజ్ ఖాన్‌గా కౌబాయ్ జాన్ వేన్ దిగాడు. చార్లీ చాన్ అనే చైనా డిటెక్టివ్ మీద వరసగా ఎన్నో సినిమాలొచ్చాయి. చాన్‌గా నటించింది వార్నర్ ఓలాండ్, సిడ్నీ టోలర్ లాంటి తెల్లవాళ్ళు. చాన్ దుర్మార్గుడు కాదు, తెలివైనవాడు, మర్యాదస్తుడు. అయినా చైనా అమెరికన్లు ఆ పేరు వింటే మండిపడ్డారు. పొగిడే మూస కూడా మూసే కదా.

ఆ మూసకి జవాబు హాలీవుడ్ లోపల్నించి రాలేదు. 1982లో వేన్ వాంగ్ అనే దర్శకుడు సుమారు 22 వేల డాలర్లతో, నలుపు తెలుపులో, శాన్‌ఫ్రాన్సిస్కో చైనాటౌన్ వీధుల్లో ‘చాన్ ఈజ్ మిస్సింగ్’ తీశాడు. ఇద్దరు టాక్సీవాళ్ళు తమ డబ్బు పట్టుకుపోయిన చాన్ అనే మనిషి కోసం వెతుకుతుంటారు. అడిగినవాళ్ళల్లా ఒక్కో చాన్ గురించి చెబుతారు. ఒకరికి మేధావి, ఒకరికి చాదస్తుడు, ఒకరికి పాత చైనా పట్ల పక్షపాతి. సినిమా అయిపోతుంది, చాన్ దొరకడు. చైనావాడంటే ఇలా ఉంటాడని చూపించమన్నవాళ్ళకి వాంగ్ చూపించింది ఆ దొరకనితనాన్నే. స్వతంత్ర సినిమా అని దేన్నంటారో తెలియాలంటే ఈ ఒక్క సినిమా చాలు. డబ్బు తక్కువ కావడం అందులో ఒక భాగం మాత్రమే. ఎవరికి సంజాయిషీ చెప్పుకోవాలి అన్న దగ్గర స్వతంత్రంగా ఉండటం అసలు సంగతి.

మళ్ళీ ఇరాన్ దగ్గరికొద్దాం. 1991కీ ఇప్పటికీ హాలీవుడ్ మారలేదా అంటే, మాట తీరు మారింది. 2012లో బెన్ ఆఫ్లెక్ తీసిన ‘ఆర్గో’ చూడండి. 1979లో టెహరాన్‌లోని అమెరికన్ రాయబార కార్యాలయాన్ని ఆక్రమించినప్పుడు తప్పించుకున్న ఆరుగురిని సి.ఐ.ఎ. మనిషి ఒక బూటకపు సినిమా యూనిట్ పేరుతో 1980 జనవరిలో బయటికి తెచ్చిన కథ. ఈ సినిమా మొదట్లోనే ఒక నిజం ఒప్పుకుంటుంది. 1951లో చమురుని జాతీయం చేసిన ప్రధాని మొసద్దెఖ్‌ని 1953లో అమెరికా, బ్రిటన్ కలిసి కూలదోశాయనీ, షాని నిలబెట్టాయనీ బొమ్మలతో చెబుతుంది. హాలీవుడ్‌కి ఇది చిన్న విషయం కాదు, మెచ్చుకోవలసిందే. అయితే ఆ ముందుమాట రెండు నిమిషాల్లో ముగుస్తుంది. తర్వాతి కథలో అది ఎవరి నోటా రాదు. కారణాన్ని గుమ్మం దగ్గర చెప్పులతోపాటు విడిచి లోపలికి వెళ్ళినట్టు. లోపలంతా గడ్డాలు, తుపాకులు, పిడికిళ్ళు, చాలాచోట్ల అనువాదం కూడా దక్కని అరుపులు. విమానం వెంట రన్‌వే మీద జీపుల్లో తరుముకొచ్చే ఘట్టం అసలు జరగనే లేదు. ఆరుగురూ పెద్ద గొడవలేమీ లేకుండానే విమానమెక్కి వెళ్ళారు. ఇంటి పనిమనిషి సహర్ అబద్ధమాడి వాళ్ళని కాపాడుతుంది. చివర్లో ఆమె ఒంటరిగా ఇరాక్ సరిహద్దు దాటుతుంటే ఒక్క షాట్ చూపిస్తారు. అదే ఏడాది ఆ రెండు దేశాల మధ్య యుద్ధం మొదలవబోతోంది. రోషన్ సేఠ్ వేసిన పాత్రకి చెల్లెలు ఈ సహర్.

2013 ఫిబ్రవరిలో ‘ఆర్గో’కి ఉత్తమ చిత్రంగా ఆస్కార్ వచ్చింది. ఆ పేరు ప్రకటించింది వైట్ హౌస్ నుంచి అధ్యక్షుడి భార్య మిషెల్ ఒబామా. సి.ఐ.ఎ. విజయగాథకి బహుమతిని ఎక్కడ నుంచి ప్రకటించారో చూస్తే, వ్యాఖ్యానం అక్కర్లేదు. సరిగ్గా ఏడాది ముందు, 2012 ఫిబ్రవరిలో, అదే ఆస్కార్ సభలో విదేశీ చిత్రాల విభాగంలో అస్గర్ ఫర్హాదీ ‘ఎ సెపరేషన్’ గెలిచింది. ఇరాన్‌కి అదే మొదటి ఆస్కార్. ‘ఆర్గో’కి నాలుగున్నర కోట్ల డాలర్ల దాకా అయింది. ఫర్హాదీ సినిమాకి పది లక్షల డాలర్లు కూడా కాలేదు.

ఆ సినిమా అసలు పేరు ‘జుదాయీ-యె నాదెర్ అజ్ సీమీన్’. ఉర్దూ తెలిసినవారికి వేరే అర్థం చెప్పనక్కర్లేదు. నాదెర్ సీమీన్‌ల ఎడబాటు. కోర్టులో మొదలవుతుంది. భార్యాభర్తలిద్దరూ నేరుగా మనవైపు చూస్తూ మాట్లాడతారు. జడ్జి గొంతు వినపడుతుంది, జడ్జి కనపడడు. అతని కుర్చీలో మనల్ని కూర్చోబెట్టాడు దర్శకుడు. సీమీన్‌కి విదేశం వెళ్ళడానికి వీసా వచ్చింది. నలభై రోజులే గడువుంది. కూతురు తెర్మేని ఈ పరిస్థితుల్లో పెంచలేనంటుంది. ఏ పరిస్థితుల్లో అని జడ్జి అడుగుతాడు. ఆమె నోరు పెగలదు. ఆ మౌనంలో ఇరాన్ రాజ్యం మొత్తం ఉంది. నాదెర్ రాలేనంటాడు. అతని తండ్రికి మతిమరుపు జబ్బు. కొడుకుని కూడా గుర్తుపట్టడు. ఆయనకి నువ్వు కొడుకువని తెలుసా అని సీమీన్ అడిగితే, ఆయన నా తండ్రి అని నాకు తెలుసు కదా అన్నట్టు జవాబిస్తాడు.

ఇక్కడ ఎవరు తప్పు? మూడీ లాగే నాదెర్ కూడా భార్యని, కూతుర్ని పోనివ్వని భర్తే. కానీ అతనికి కారణం ఉంది. మంచం పట్టిన తండ్రి ఉన్న ఇల్లు ఎవరికి తెలియదు? కరీంనగర్‌లో, కర్నూల్లో ఆ కారణం వల్ల ఊరు కదలలేని కొడుకులు లేరా? కారణం ఉన్నంతమాత్రాన అతను ఒప్పు కూడా కాదు. తండ్రిని చూసుకోడానికి పెట్టుకున్న రజియే అనే గర్భిణిని కోపంలో గుమ్మం బయటికి నెట్టేస్తాడు. ఆమె కడుపు పోతుంది. ఆమె గర్భిణి అని తనకి తెలియదని కోర్టులో బొంకుతాడు. తండ్రిని కాపాడటానికి పదకొండేళ్ళ తెర్మే కూడా అబద్ధం చెప్పాల్సి వస్తుంది.

రజియే నల్ల చాదర్ వేసుకునే మనిషి. హాలీవుడ్ వీధిలో గుంపుగా చూపించే ఆ చాదర్లలో ఒకటి. ఫర్హాదీ ఆ చాదర్ లోపలి మనిషి దగ్గరికి తీసుకుపోతాడు. మొగుడికి ఉద్యోగం పోయింది, నెత్తి మీద అప్పులు. అతనికి చెప్పకుండా పనికొచ్చింది, చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని. ముసలాయన బట్టల్లోనే మూత్రం పోసుకుంటాడు. పరాయి మగాడి బట్టలు మార్చడం గునాహ్ అవుతుందేమోనని ఆమె మతపెద్దల సలహా చెప్పేచోటికి ఫోన్ చేసి అడుగుతుంది. ఆ సీను చూసి నవ్వొచ్చు, ఏడుపూ రావచ్చు. ముస్లిం ఇళ్ళల్లో పెరిగినవాళ్ళకి రెండూ వస్తాయి. చేతిలో పని, గుండెలో భయం. ఈ రెంటి మధ్య మన అమ్మలు, ఖాలాలు ఎంత తెలివిగా దారి చూసుకుంటారో తెలిసినవాడు తీసిన సీను అది.

చివరికి కేసు రాజీకొస్తుంది. నష్టపరిహారం ఇస్తానంటాడు నాదెర్. అప్పులవాళ్ళు కూడా వచ్చి కూర్చున్నారు. డబ్బు చేతులు మారబోయేముందు నాదెర్ ఒకటే అడుగుతాడు. నేను నెట్టడం వల్లే బిడ్డ పోయిందని ఖురాన్ మీద కసమ్ తిను. రజియే తినలేదు. అంతకు ముందు రోజు ముసలాయన వీధిలోకి వెళ్ళిపోతే వెనకాల పరిగెత్తి కారు దెబ్బ తింది. బిడ్డ దేనివల్ల పోయిందో ఆమెకే ఖచ్చితంగా తెలియదు. ఒక్క మాట అంటే ఇంటి అప్పు తీరుతుంది. అనదు. అంటే తన కూతురికి ఏ కీడు చుట్టుకుంటుందోనని భయం. మొగుడు తన మొహం తనే కొట్టుకుంటూ బయటికి పరిగెడతాడు. ఆ ఒట్టు వెయ్యకపోవడం వల్ల ఆమె మహా పుణ్యాత్మురాలైపోలేదు. మతం గొప్పదని సినిమా చాటలేదు. ఆమె నమ్మకం ఆమెకి ధైర్యమూ అయింది, సంకెలా అయింది. రెండూ నిజమే. మతాన్ని ఒక మనిషి మనసులో పనిచేసే బలంగా చూపించడమంటే అది. మూడీ ప్రమాణంలో ఖురాన్ మోసానికి వాడిన సామాను. రజియే వెయ్యని ప్రమాణంలో అది ఒక మనిషి మనసు.

ఇక్కడ మనకి దగ్గరి ప్రశ్న ఒకటి ఉంది. తలాక్ గురించి, పర్దా గురించి, బహుభార్యాత్వం గురించి, మనలోని అష్రాఫ్ దూదేకుల తేడాల గురించి రాసిన ముస్లిం రచయితలకి, ముఖ్యంగా రచయిత్రులకి, రెండు వైపులనుంచి రెండు జవాబులొస్తాయి. ఖౌమ్ పెద్దలు ‘ఇంటి గుట్టు బజారుకెక్కించి బద్నామ్ చేస్తున్నారు’ అంటారు. హిందుత్వవాదులు ‘మేం ముందునుంచీ చెబుతున్నదిదే, ఇప్పుడు వాళ్ళే ఒప్పుకుంటున్నారు’ అని చప్పట్లు కొడతారు. మొదటివాళ్ళ కోపం కన్నా రెండోవాళ్ళ చప్పట్లే ఎక్కువ భయపెడతాయి. దాంతో చాలామంది కలం ఆగిపోతుంది. ఇరాన్ దర్శకులకీ ఇదే పీటముడి. వాళ్ళ మీద అక్కడి ప్రభుత్వ పక్షం వేసే నిందకి ఒక పేరుంది, ‘సియాహ్ నమాయీ’. అంటే దేశాన్ని నల్లగా చూపించడం. విదేశీ బహుమతుల కోసం తల్లి దరిద్రాన్ని అమ్ముకుంటున్నారని.

జాఫర్ పనాహీ సంగతి చూడండి. 2000లో తీసిన ‘ది సర్కిల్’ ఆడపిల్ల పుట్టిందన్న కబురుతో మొదలవుతుంది. ఇరాన్ వీధుల్లో తోడు లేని ఆడవాళ్ళకి నిలువ నీడ లేదని చెబుతుంది. ‘నాట్ వితౌట్ మై డాటర్’ అన్నదానికన్నా ఘాటైన విమర్శే. ఇరాన్‌లో నిషేధించారు. వెనిస్‌లో గోల్డెన్ లయన్ వచ్చింది. అమెరికాలో ఒక సినీ సంస్థ భావస్వేచ్ఛ పురస్కారం కూడా ఇచ్చింది. ఆ సినిమాతోనే 2001 ఏప్రిల్‌లో హాంకాంగ్ నుంచి దక్షిణ అమెరికా వెళుతూ న్యూయార్క్‌లో విమానం మారబోతే, ఇరానీ కాబట్టి వేలిముద్రలివ్వమన్నారు. ఇవ్వనన్నాడు. గొలుసులేసి గంటల తరబడి కూర్చోబెట్టి, వచ్చిన దారినే వెనక్కి పంపించారు. 2010లో సొంత దేశం ఆరేళ్ళ జైలు శిక్ష వేసి, ఇరవయ్యేళ్ళు సినిమా తియ్యకూడదంది. ఒకే మనిషి. అమెరికాకి అనుమానితుడు, ఇరాన్‌కి ద్రోహి.

అతను ఏం చేశాడు? ఆగలేదు. ఇంట్లో కూర్చుని 2011లో ‘దిస్ ఈజ్ నాట్ ఎ ఫిల్మ్’ తీశాడు. తనే టాక్సీ నడుపుతూ 2015లో ‘టాక్సీ’ తీశాడు. 2022లో మళ్ళీ జైలుకెళ్ళి, నిరాహారదీక్ష చేసి 2023లో బయటికొచ్చాడు. 2025లో ప్రభుత్వ అనుమతి లేకుండా తీసిన ‘ఇట్ వజ్ జస్ట్ యాన్ యాక్సిడెంట్’కి కాన్స్‌లో పామ్ దోర్ వచ్చింది. జైల్లో తనని హింసించినవాడు వీడేనేమో అన్న అనుమానంతో ఒక మెకానిక్ ఒక మనిషిని ఎత్తుకొస్తాడు. కళ్ళకి గంతలుండగా విన్న కృత్రిమ కాలు చప్పుడొక్కటే గుర్తు. చంపాలా వద్దా అని పాత ఖైదీలు వాదించుకుంటుండగా, ఆ బందీ భార్యకి నొప్పులొస్తాయి. ఆమెని ఆస్పత్రికి చేర్చేది వీళ్ళే. హింసించినవాడి మీద కూడా స్వభావం ముద్ర వెయ్యడు పనాహీ. ఆ మనిషికి ఒక ఇల్లుంది, బిడ్డ ఉంది, తను చేసినదానికి చెప్పుకునే కారణాలున్నాయి. అయినా క్షమించమని ప్రేక్షకుల్ని అడగడు. కారణం చెప్పడం వేరు, సమర్థించడం వేరు. హాలీవుడ్‌కి తెలియంది, మనమూ తరచుగా మర్చిపోయేది ఇదే.

స్వతంత్ర సినిమా అనగానే, మనవాడు తీశాడనగానే అది మన పక్షమని సంబరపడనక్కర్లేదు. 2008లో వచ్చిన ‘ది స్టోనింగ్ ఆఫ్ సొరయా ఎం.’ పెద్ద స్టూడియోది కాదు. దర్శకుడు సైరస్ నౌరస్తే ఇరానీ సంతతివాడే. రాళ్ళతో కొట్టి చంపే ఆ శిక్షని ఖండించి తీరాలి. కానీ ఆ సినిమాలో మొగుడు మొదటి సీను నుంచీ దుర్మార్గుడు. ఊరు మందలాంటిది. ఆ కథని లోకానికి మోసుకెళ్ళేది బయటినుంచి వచ్చిన విలేకరి. ఆడదాని ఒంటి మీద పడే ఒక్కో రాయినీ చూపిస్తూ పోయారుగానీ, ఆ రాయి పట్టుకున్న పొరుగువాడి మనసులో ఏముందో చూడలేదు. పుట్టుక ఒక్కటే చాలదు. ఎవరి కుర్చీలో కూర్చుని చూస్తున్నామన్నది కావాలి.

ఇవన్నీ ఎక్కడో అమెరికా, ఇరాన్ గొడవలు కావు. ‘నాట్ వితౌట్ మై డాటర్’ అచ్చు ఇప్పుడు మన దేశంలో పోత పోస్తోంది. 2023లో వచ్చిన ‘ది కేరళ స్టోరీ’ టీజర్‌లో 32 వేల మంది అమ్మాయిలని చెప్పి, గొడవయ్యాక ముగ్గురి కథ అన్నారు. ఆ అంకెకి ప్రామాణిక ఆధారం లేదని సినిమాలోనే ప్రకటన పెడతామని సుప్రీం కోర్టులో ఒప్పుకోవాల్సి వచ్చింది. అందులోని ముస్లిం కుర్రాళ్ళకి ప్రేమించడానికి కారణం లేదు, మోసగించడానికీ కారణం లేదు. మతమే వాళ్ళ చేత అన్నీ చేయిస్తుంది. మూడీకి పుట్టిన పిల్లలు వాళ్ళు. బెట్టీ పుస్తకానికి ఒక్క ఇల్లయినా నిజం ఉంది. వీళ్ళు ఒకటి రెండు ఇళ్ళ నిజాన్ని 32 వేలతో గుణించారు. 1991లోనే మన తెలుగులో ఖాదర్ మొహియుద్దీన్ ‘పుట్టుమచ్చ’ వచ్చింది. పుట్టగానే ఒంటిమీద పడే అనుమానపు మచ్చ గురించి మనం మాట్లాడటం మొదలుపెట్టిన ఏడాదే, హాలీవుడ్ ఆ మచ్చని పెద్ద తెర మీద చూపిస్తోంది.

అయితే జవాబు ఏమిటి? మంచి ముస్లింల సినిమాలు కావాలని అడగడం కాదు. దేశభక్తుడైన ముస్లిం ఇన్‌స్పెక్టరు, గుడికి చందా ఇచ్చే సాయిబు, హీరో కోసం చచ్చిపోయే భాయ్. ఇవి మనకి సర్టిఫికెట్లిచ్చే పాత్రలు. సర్టిఫికెట్ చూపించమని ఎవరడుగుతున్నారో వాళ్ళ గుమాస్తాలు అవి రాస్తున్నారు. మనకి కావలసింది నాదెర్ లాంటి మనిషి, కోపమొస్తే తప్పు చేసేవాడు. రజియే లాంటి మనిషి, భయమేసినా బొంకనిది. పాతబస్తీలో లాడ్‌బజారు గాజుల పని చేసే ఇంట్లో, గుంటూరు మిర్చియార్డులో బస్తాలు మోసే ఇంట్లో, నెలాఖరుకి తల్లి మందులా పిల్ల ఫీజా అన్న లెక్క తేలని మనుషులు. వాళ్ళ బతుకులో మతం ఉంటుంది. మతం ఒక్కటే ఉండదు.

మన ఇంటి తప్పులు రాయడానికి జంకుతున్న రచయితలకి ఒక మాట. భార్యని వదిలేసిన మొగుడి గురించి రాయండి. అతన్ని వదలకండి. కానీ మీ కథలో అతనికి పేరుండాలి, పని ఉండాలి, అతను చేసిందానికి అతను చెప్పుకునే కారణం ఉండాలి. ఆ కారణం తప్పని మీ కథలోని ఆడమనిషి తన నోటితో చెప్పాలి. అలాంటి కథని హిందుత్వవాది ఎత్తుకుపోలేడు. అతనికి కావలసింది స్వభావం. కారణాలతో అతనికి పని లేదు. ఖౌమ్ పెద్దలకి కోపం వస్తుంది, రానివ్వండి. పనాహీ రెండు ప్రభుత్వాల కోపాన్ని చూసి కూడా కెమెరా కింద పెట్టలేదు.

ఫర్హాదీ సినిమా చివర్లో తల్లి కావాలో తండ్రి కావాలో తేల్చుకోమని తెర్మేని జడ్జి అడుగుతాడు. నిర్ణయించుకున్నానంటుంది ఆ పిల్ల. తల్లిదండ్రుల్ని బయటికి పంపిస్తారు. ఆమె ఏం చెప్పిందో మనకి వినిపించదు. బయట వరండాలో ఇద్దరూ చెరోవైపు కూర్చుని ఎదురుచూస్తూ ఉంటారు. అమెరికన్ సినిమాలో ఆ పిల్లని తల్లి ఎత్తుకుని సరిహద్దు దాటించింది. ఇక్కడ ఆ పిల్లనే నోరు విప్పమన్నారు.